ట్రాప్ మీది ముద్ర వెనక: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యురాలి జవాబులు

కెనడాలోని ఆల్బెర్టాలో నేను చేసిన ఉద్యోగం గురించి గత సంచికలో నాలుగు మాటలు రాశాను. ఫర్ కోసం, అంటే మెత్తటి బొచ్చు తోలు కోసం, పట్టే అడవి జంతువులకు బాధ తగ్గేలా ట్రాప్‌లు తయారు చేయాలని అక్కడ ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. అందులో నాది పాథాలజిస్టు పని. ట్రాప్‌లో చిక్కిన జంతువు ఎలా చనిపోయిందో, ఎక్కడెక్కడ దెబ్బతిందో కోసి చూసి రాసిపెట్టాలి. దాని మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొన్నింటిలో తిట్లున్నాయి. వాటికీ జవాబు ఉంది, కాస్త కిందికి వెళ్లాక.

డాక్టర్ గారూ, చంపే యంత్రాన్ని దయగా తయారు చేయడమేమిటో నాకు అంతుబట్టలేదు. అసలు మీరు అక్కడ కొలిచేదేమిటి?
(ఒక గృహిణి)

కాలాన్ని కొలుస్తామండీ. మిగతా హంగామా అంతా దాని కోసమే.

ట్రాప్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి దెబ్బతో చంపేస్తుంది. రెండోది కాలు పట్టుకునో, పెట్టెలో మూసేసో ప్రాణంతో ఆపి ఉంచుతుంది. మొదటి రకాన్ని అడిగే ప్రశ్న ఒక్కటే: ఇనుము తగిలిన క్షణం నుంచి జంతువుకి స్పృహ పోయేదాకా ఎన్ని సెకన్లు పట్టింది? గుండె ఆగేదాకా అని కాదు. స్పృహ పోయాక కూడా గుండె కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది, అప్పుడు బాధ తెలిసే మెదడు పనిచేయదు.

స్పృహ పోయిందని కంటిని ముట్టుకుని తెలుసుకుంటాం. నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొరని మెల్లగా తాకితే ప్రాణి రెప్ప వేస్తుంది. రెప్ప అంచుని తాకినా అంతే. ఈ రెండూ ఆగిపోయాయంటే స్పృహ లోతుగా పోయినట్టు. నిజానికి అంతకు కొంచెం ముందే పోయి ఉండొచ్చు కూడా. ఆ రకంగా ఇది ట్రాప్ పట్ల కఠినమైన కొలతే.

చెప్పడం తేలిక. ట్రాప్ ఉండేది కంచె వేసిన పెద్ద ఆవరణలో, అడవిని పోలిన చోట. పక్కన మనిషి నిలబడితే మార్టెన్ (ముంగిసలా సన్నగా ఉండే బొచ్చు జంతువు) దాని దరిదాపులకు రాదు. అందుకని కెమెరా పెట్టి, దూరంగా గదిలో తెర ముందు కూర్చుంటారు. ట్రాప్ పడగానే వాచీ నొక్కి, మంచులో బరువైన బూట్లతో పరుగు. చేరేలోపు గడిచిన సెకన్లు కూడా ట్రాప్ ఖాతాలోకే వెళతాయి. ఆ పరుగు తీసేది ఎక్కువగా కుర్రవాళ్లు. నా దగ్గరికి ప్లాస్టిక్ సంచిలో, కాలికి చీటీ కట్టి వచ్చేది. ఏ ట్రాప్‌లో పడిందో నాకు చెప్పకూడదని నేను పట్టుబట్టేదాన్ని. చెబితే కన్ను తనకు కావలసిందే చూస్తుంది.

ఇక హద్దుల సంగతి. 1997లో యూరోపియన్ యూనియన్, కెనడా, రష్యా కలిసి ట్రాప్‌ల ప్రమాణాల మీద ఒక ఒప్పందం కుదుర్చుకున్నాయి. అమెరికా విడిగా ఒక అంగీకార పత్రం రాసుకుంది. ఒప్పందంలో 19 రకాల జంతువులున్నాయి. చంపే ట్రాప్‌లో, మార్టెన్ కంటే బాగా చిన్నదైన ఎర్మిన్‌కు 45 సెకన్లలో స్పృహ పోవాలి. అమెరికన్ మార్టెన్‌కు, దాని చుట్టాలైన సేబుల్‌కు, యూరప్ పైన్ మార్టెన్‌కు 120 సెకన్లు. మిగతావాటికి 300 సెకన్లు. పరీక్షలో కనీసం 12 జంతువులుండాలి, వాటిలో కనీసం 80 శాతం ఆ హద్దు లోపల ఉండాలి.

300 సెకన్లంటే అయిదు నిమిషాలు. గడియారం ముందు కూర్చుని ఒకసారి అయిదు నిమిషాలు చూడండి. బీవర్ (నీళ్లలో బతికే, ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువు) నొప్పిని భరించే తీరును బట్టి పుట్టిన అంకె కాదది. దేశాలు బేరమాడుకున్న బల్ల మీద పుట్టిందని నా అభిప్రాయం. ఒప్పందం రాసినవాళ్లకూ లోపల గుచ్చుకున్నట్టుంది. సమీక్షలో ఒక్కో జంతువునీ విడిగా చూసి ఈ హద్దును 180కి దించే ప్రయత్నం చేయాలని అందులోనే రాసుకున్నారు. హద్దు మాత్రం 300 దగ్గరే కూర్చుని ఉంది.

మేడమ్, నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంకా గట్టి స్ప్రింగ్ వేస్తే సమస్య తీరిపోదా?
(ఒక విద్యార్థి)

తీరదు నాన్నా. కానీ నువ్వు అడిగిన చోటే అసలు పని మొదలైంది.

చంపే ట్రాప్‌లో రెండు బలాలు పనిచేస్తాయి. చువ్వ వేగంగా వచ్చి తగిలే బలం ఒకటి, తగిలాక వదలకుండా నొక్కిపట్టే బలం ఒకటి. సుత్తి దెబ్బ వేరు, పట్టకారు బిగింపు వేరు. మొదటిది ద్రవ్యరాశి, వేగం మీద ఆధారపడుతుంది. రెండోది జంతువు మెడ మందం దగ్గర రెండు చువ్వల మధ్య స్ప్రింగ్ ఎంత బిగువు మిగుల్చుకుందో దాని మీద. బాగా తెరిచినప్పుడు భీకరంగా ఉండే స్ప్రింగ్, సన్నటి మెడ దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోవచ్చు. మార్టెన్‌తో వచ్చిన చిక్కు ఇదే. వెంట్రుకలన్నీ తడిపి చూస్తే ఆ మెడలో ఉన్నదెంత?

మూడో సంగతి, దెబ్బ ఎక్కడ పడిందన్నది. చెవుల వెనక, మెడ మొదట్లో పడితే మెదడుకి వెళ్లే దారి వెంటనే దెబ్బతింటుంది. అదే దెబ్బ నడుం మీద పడితే, స్ప్రింగ్ ఎంత గట్టిదైనా, నా బల్ల మీదికి వచ్చేది వేరే కథ. పగిలిన కాలేయం, పొట్టలో రక్తం, పక్కనే సెకన్లు కాదు, నిమిషాల లెక్క. దెబ్బ పడే చోటుని నిర్ణయించేది స్ప్రింగ్ కాదు, ట్రిగ్గర్, అంటే జంతువు తగలగానే ట్రాప్‌ని పడేసే మీట. ఏ ఆకారంలో ఉంది, ఎంత లోతున ఉంది, ఎర దానికి ఎంత వెనక ఉంది, జంతువు ఎటునుంచి తల పెడుతుంది అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఆల్బెర్టాలో గిల్బర్ట్ ప్రూ అనే శాస్త్రవేత్త బృందం 1980లలో ఈ ముడి విప్పింది. మార్టెన్‌కి అందరూ వాడే 120 సైజు చతురస్రపు ట్రాప్ వాళ్ల పరీక్షలో నిలబడలేదు. దానికే గట్టి స్ప్రింగులు, అదనపు చువ్వలు వేసి, పళ్లెం లాంటి ట్రిగ్గర్ పెట్టి, సీ-120 మాగ్నమ్ అనే రకాన్ని పరీక్షించారు. అది నిలబడింది. ఆ ట్రిగ్గర్ వల్ల దెబ్బ తల-మెడ ప్రాంతంలో పడడం దానికి కలిసొచ్చింది. వాళ్లు ట్రాప్‌ని దశలవారీగా పరీక్షించేవారు. ముందు జంతువు లేకుండా యంత్రం మీద బలాలు కొలవడం. తర్వాత ట్రాప్ మూసుకోకుండా కట్టేసి, జంతువు దాని దగ్గరికి ఎలా వస్తుందో చూడడం. ఆ తర్వాత మత్తు ఇచ్చిన జంతువు మీద. అవన్నీ దాటితేనే ఆవరణలోకి, ఆ తర్వాత నిజమైన అడవిలోకి.

ఇంకో మాట. ట్రాప్‌ని బిగించేది మనిషి చేతులే. మైనస్ 30 డిగ్రీల చలిలో, గ్లవుజులతో, ఒంటరిగా. స్ప్రింగ్ మరీ గట్టిదైతే వేళ్లు విరుగుతాయి. అలాంటి ట్రాప్‌ని ట్రాపర్ కొంటాడు గానీ వాడడు, గోడకి తగిలించి పాతదే తీసుకెళతాడు. వాడని మంచి ట్రాప్ వల్ల జంతువుకి ఒరిగేదేమీ లేదు. నువ్వు డిజైన్ చేసేటప్పుడు ఇది మర్చిపోకు.

పన్నెండు జంతువుల పరీక్షతో ఒక ట్రాప్ మంచిదని ఎలా చెప్తారు? నేను గణితం చెప్పే మాస్టారిని, నాకిది మింగుడుపడలేదు.
(ఒక ఉపాధ్యాయుడు)

నాకూ పడలేదు మాస్టారూ. మీరే కాగితం మీద చేసి చూసుకోండి. 12లో 80 శాతం అంటే 10 గట్టెక్కాలి. ఇప్పుడు ఒక ట్రాప్ నిజానికి నూటికి 70 సార్లే సమయంలోపల పనిచేస్తుందనుకుందాం, అంటే అది ప్రమాణానికి తగదు. 12 జంతువుల మీద పరీక్షిస్తే అది 10 లేదా అంతకంటే ఎక్కువ తెచ్చుకునే సంభావ్యత సుమారు 0.25. నాలుగింట ఒకసారి తప్పించుకుని, పాసైందన్న ముద్ర వేయించుకుంటుందన్నమాట. ఇటు నుంచి చూడండి: సరిగ్గా 12కి 10 తెచ్చుకున్న ట్రాప్ గురించి 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది, దాని అసలు సామర్థ్యం సుమారు 56 శాతానికి తగ్గదని మాత్రమే.

ప్రూ బృందం వేరే దారి పట్టింది. కనీసం 70 శాతం జంతువులకు మూడు నిమిషాల్లోపు స్పృహ పోతుందని 95 శాతం నమ్మకంతో చెప్పగలగాలని వాళ్లు షరతు పెట్టుకున్నారు. దానికి 9 జంతువుల్లో 9 గట్టెక్కాలి. 0.7ని తొమ్మిదిసార్లు గుణించండి, 0.04 వస్తుంది, 0.05 కంటే తక్కువ. తక్కువ జంతువులతో ఎక్కువ గట్టి మాట. వాటిలో ఒక్కటి గురి తప్పినా మళ్లీ మొదటికి రావాలి. నాకు నచ్చింది ఈ పద్ధతే.

అయితే జంతువుల సంఖ్య పెంచితే సరిపోదా అంటారు. పెంచితే పరీక్ష కోసం చచ్చేవి పెరుగుతాయి. అందుకే, ఏళ్ల తరబడి పోగైన కొలతల్ని వాడుకుని, ట్రాప్ బలాలూ దెబ్బ పడే చోటూ ఇస్తే ఫలితాన్ని ఊహించే కంప్యూటర్ నమూనాలు తయారు చేశారు. నమూనా ఉన్న జంతువుకి కొత్త ట్రాప్ వస్తే ముందు కంప్యూటర్‌లోనే తేలుస్తారు. నా ఉద్యోగంలో నాకు బాగా సంతోషం కలిగించిన మార్పు అది. ఫ్రీజర్‌లో సంచులు తగ్గాయి.

కాలు పట్టుకునే ట్రాప్‌లో పడ్డ జంతువు తన కాలు తనే కొరుక్కుని పారిపోతుందంటారు. నిజమేనా అమ్మా?
(ఒక కాలేజీ అమ్మాయి)

కొన్నిసార్లు నిజం. ఎక్కువగా ఏం జరుగుతుందంటే, బిగిసిన చోట రక్తం ఆడక కింది భాగం మొద్దుబారిపోతుంది, చలికి గడ్డకడుతుంది. స్పర్శ లేని ఆ ముక్కని జంతువు కొరుకుతుంది. ఒప్పందంలో, తనను తాను కొరుక్కుని తీవ్రంగా గాయపరుచుకోవడాన్ని పనికిరాని ట్రాప్‌కి గుర్తుగా రాశారు. దెబ్బ ఏమీ కనిపించకపోయినా పూర్తిగా కదలక మెదలక ఉండిపోవడం కూడా అలాంటి గుర్తే. ప్రాణంతో పట్టే ట్రాప్‌ని కనీసం 20 జంతువుల మీద చూస్తారు, వాటిలో 80 శాతానికి ఇలాంటి గుర్తులేవీ ఉండకూడదు.

అమెరికాలో దీన్ని మార్కుల్లో లెక్కపెడతారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1999లో ఇచ్చిన పట్టిక అది. గోరు ఊడితే 2, వాపుకి 5, పన్ను లోపలి గుజ్జు కనబడేలా విరిగితే 30, మణికట్టుకి కింద ఎముక మామూలుగా విరిగితే 50, పైన విరిగితే 100, ప్రాణం పోతే 100. సగటు 55 దాటకపోతే ట్రాప్ పాసు.

సగటు అనేది దొంగలకు మంచి చాటు. పది జంతువులకు వాపు, ఒకదానికి కాలు తెగడం: సగటు ఎంత అందంగా వస్తుందో చూడండి. అందుకే దాని పక్కన ఇంకో షరతు, కనీసం 70 శాతం జంతువులకు ఓ మోస్తరు గాయాలు మించకూడదని పెట్టారు. పన్నుకి 30 మార్కులేనా అన్నది నాకు మొదటినుంచీ ఉన్న పేచీ. కాలి మీద వాపు నాలుగు రోజుల్లో పోతుంది. ఇనుము కొరికి కోరపన్ను విరగ్గొట్టుకున్న లింక్స్ (చలి ప్రాంతాల అడవి పిల్లి) దాన్ని జీవితాంతం మోస్తుంది. ఎవరైనా కాలు మాత్రమే నా దగ్గరికి పంపితే తలకాయ కూడా పంపమని తిప్పి పంపేదాన్ని.

బాగుచేసిన సంగతులూ ఉన్నాయి. ట్రాప్ దవడలకు రబ్బరు తొడుగు, మూసుకున్నా మధ్యలో సందు ఉండే దవడలు, గొలుసుకి స్ప్రింగు, మెలిక పడకుండా తిరిగే కీళ్లు. చిన్న జంతువులు తొక్కినా పడకుండా పళ్లెం కింద బిగువు పెంచడం ఇంకొకటి. ఇది చాలా చవకైన మార్పు, చాలా ప్రాణాలు కాపాడే మార్పు. 1960లలో అమెరికాలో ఒక విచిత్రమైన ఉపాయం కూడా చేశారు. ట్రాప్ దవడకి మత్తుమందు పొట్లం కట్టేవారు. చిక్కిన కయోటీ (తోడేలు లాంటి చిన్న జంతువు) కోపంతో మొదట కొరికేది దాన్నే. కాసేపటికి తూగుతూ పడుకునేది. పట్టికలు రాసే నాకు, జంతువు కోపాన్నే దానికి మందుగా మార్చిన ఆ ఆలోచన మీద ఇప్పటికీ ముచ్చటే.

ఇదంతా ఈమధ్య వచ్చిన స్పృహేనా, లేక పూర్వం కూడా ఎవరైనా ఆలోచించారా?
(ఒక రిటైర్డ్ ఉద్యోగి)

డార్విన్ ఆలోచించాడు. 1863లో ఆయనా, భార్య ఎమ్మా ఉక్కు ట్రాప్‌లకు వ్యతిరేకంగా ఒక విజ్ఞప్తి రాసి ప్రచురించారు. రాత్రంతా కాలు ఇనప పళ్ల మధ్య నలుగుతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోమని అడిగారు. ఇంగ్లండ్‌లో ఆ రకం ట్రాప్ నిషేధం అమలయ్యేసరికి 1958 వచ్చింది. మధ్యలో తొంభై అయిదేళ్లు!

ఆ మధ్యకాలంలోనే అట్లాంటిక్‌కి అవతల ఫ్రాంక్ కోనిబేర్ ఉన్నాడు. ఇంగ్లండ్‌లో పుట్టి, కెనడా ఉత్తర ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ట్రాపర్‌గా బతికినవాడు. తన ట్రాప్‌లలో చూసినదే అతన్ని మార్చింది. 1929లోనే మొదటి నమూనా కట్టాడు. రెండు చతురస్రపు చట్రాలు మధ్యలో తిరిగి కత్తెరలా మూసుకునే ఆ ట్రాప్ మార్కెట్లోకి వచ్చేసరికి 1950ల చివరైంది. నమూనాలకు డబ్బు సాయం చేసిన వాటిలో ఫర్ జంతువుల రక్షణ కోసం పెట్టిన సంఘం ఉంది. ఆ సంఘమే తర్వాతి కాలంలో ట్రాపింగే వద్దనే వైపుకి మళ్లింది. ప్రభుత్వాల వంతు ఆ తర్వాత. కెనడాలో 1970లలో ఫెడరల్, ప్రొవిన్షియల్ ప్రభుత్వాలు ఉమ్మడి కమిటీ వేశాయి, అది 1981లో నివేదిక ఇచ్చింది. 1983లో ఫర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెనడా వచ్చింది.

అయినా కదలిక అసలు వచ్చింది భయంతో. కాలుపట్టు ట్రాప్‌లు వాడే దేశాల నుంచి ఫర్ కొనేది లేదని యూరప్ 1991లో చట్టం చేసింది. బేరం పోతుందనేసరికి బల్ల దగ్గరికి అందరూ వచ్చారు. విచిత్రమేమిటంటే, ఇతరుల మీద పెట్టిన ప్రమాణాలను తమ సొంత ట్రాప్‌లకు చట్టంగా చేసుకుందామని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదిస్తే, 2005లో వాళ్ల పార్లమెంటే తోసిపుచ్చింది.

మీరు ధనవంతుల కోటుల కోసం జంతువులను ప్రయోగాల్లో చంపి, దానికి సైన్సు అని పేరు పెట్టారు. రాత్రి నిద్ర ఎలా పడుతోంది?
(సంతకం లేదు)

నిద్ర బాగానే పడుతుంది. సంతకం లేని ఉత్తరాలకు జవాబు రాయడం నాకు అలవాటు లేదు గానీ, ఇదే మాట ఇంకో ముగ్గురు పేరు పెట్టి అడిగారు.

నేను ఫర్ కోటు తొడుక్కోను, ఎవర్నీ తొడుక్కోమననూ. కానీ నేను కోయకపోతే ఆ జంతువు బతికేదన్న భ్రమ నాకు లేదు. నేను ఉన్నా లేకపోయినా ఉత్తరాన ఆ శీతాకాలం ట్రాప్‌లు పడతాయి. క్రీ, డెనే వంటి మూలవాసుల కుటుంబాలకు అది ధనవంతుల కోటు సంగతి కాదు, ఇంట్లోకి డబ్బు వచ్చే దారి. కోటుతో సంబంధం లేని ట్రాప్‌లూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో నీటికట్టలకు బొరియలు పెట్టే మస్క్‌రాట్‌లను ప్రభుత్వమే పట్టిస్తుంది. 1999 నుంచి కొలరాడో అడవుల్లో వదిలిన లింక్స్‌లు కెనడా, అలాస్కాల్లో ప్రాణంతో పట్టి తెచ్చినవి. కాలు విరగకుండా, పన్ను పోకుండా పట్టడం తెలియకపోతే ఆ పని సాగదు.

మీరు అడగాల్సిన గట్టి ప్రశ్న ఇంకొకటి ఉంది, ఎవరూ అడగలేదు. నీళ్లలో ముంచి పట్టే పద్ధతి. బీవర్, మస్క్‌రాట్ నీటి జీవులు, చాలాసేపు ఊపిరి బిగపట్టగలవు. అంటే మునిగి చావడానికి వాటికి పట్టేది ఎక్కువ సేపు. ముంచి చంపడాన్ని దయామరణంగా అమెరికా పశువైద్యుల సంఘం ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. నా పైవాళ్లతో నేను గొడవపడ్డది దీని మీదే, కోటుల మీద కాదు.

మా అమ్మాయి విదేశాల్లో ఉంటుంది. ఫర్ అంచు ఉన్న జాకెట్ కొనుక్కుందట. అది ముద్ర ఉన్న ట్రాప్‌లో పడ్డదేనా అని ఎలా తెలుసుకోవాలి?
(ఒక తల్లి)

జాకెట్ చూసి తెలియదండీ. ముద్ర ఉండేది ట్రాప్ మీద, తోలు మీద కాదు. కెనడాలో 2007 నుంచి ఒప్పందంలోని జంతువులకు ఒక్కొక్కదానికీ ధ్రువీకరించిన ట్రాప్‌ల జాబితాలు అమల్లోకి తెస్తూ వచ్చారు. కాబట్టి అక్కడి మార్టెన్ అయితే ఎంతో కొంత నమ్మొచ్చు. కయోటీ అయితే, ప్రాణంతో పట్టే ట్రాప్‌లో పడిందా, ఎన్ని గంటలకొకసారి వెళ్లి చూశారు అన్నది ట్రాప్ డిజైన్ కంటే ముఖ్యం, అది ఏ చీటీ మీదా రాయరు. మింక్, నక్క అయితే ఆ 19 జంతువుల జాబితాలో అసలు లేవు. మార్కెట్లో ఉండే మింక్ చాలావరకు ఫారాల్లో పెంచినది, ఈ ట్రాప్‌ల చర్చ దానికి వర్తించదు. అంచు ఏ జంతువుదో ముందు మీ అమ్మాయిని అడిగి రాయండి, అప్పుడు తెలిసినంత చెప్తాను.